దొరగారి పదకొండు నీటికోళ్ళు

"నా కోడి ఏదీ?" పంజరం ముందు నిలబడి కాలవల దొర గర్జించాడు.

"ఎదురుగానే ఉంది కదండీ," అన్నాడు బంగళా కాపలా బుల్లియ్య.

"ఎండలకు నేను నీలగిరి వెళ్ళేటప్పుడు నీకు అప్పగించింది గోధుమరంగు కోడి. ఇది నల్లది. నెత్తిన ఎర్రటి కొమ్ము కూడా ఉంది. దాన్ని తినేసి, దీన్ని తెచ్చి పెట్టావు!"

"రామ రామ! ద్రాక్షారామం భీమేశ్వరుడి సాక్షిగా అదేనండి ఇది. వానలు పడ్డ దగ్గర్నుంచీ రోజుకింత నల్లబడిపోయిందండి."

రామచంద్రపురంలో కాలవల పనులు చూసే ఆ తెల్లదొరకు వాటి కన్నా నీటికోళ్ళ మీదే ధ్యాస ఎక్కువ. తుంగ పొదల్లో తిరిగే వాటిని పట్టించి, తోళ్ళలో గడ్డి కూరి, రకానికో అంకె వేసేవాడు. అలా పదకొండు రకాలు తేల్చాడు. గోధుమరంగుది తొమ్మిదో రకం, నల్లది పదోది. తొమ్మిది పదిగా మారిందంటే ఏ దొర మాత్రం నమ్ముతాడు?

"పిట్టలు పట్టే రత్తమ్మను పిలిపిస్తాను. నువ్వు చెప్పింది అబద్ధమైతే ఈ పూటతో నీ కొలువు సరి!"

బుల్లియ్యది పన్నెండేళ్ళ కొలువు. అది పోతే ఇంట్లో పొయ్యి వెలగదు, పాపం.

రత్తమ్మ వచ్చింది. గోధుమరంగుది ఇలా నల్లగా మారుతుందా అని దొర అడిగితే, పంజరంలోకి వంగి చూసి నవ్వింది.

"మారదేంటండీ! పుంజు కదండీ. వానాకాలం నల్లబడిపోద్దండి, నెత్తిన కొమ్మొస్తుందండి. కోతలయ్యాక మళ్ళీ పెట్టలాగే అయిపోద్దండి."

"రుజువేంటి?"

"నిరుడు నేను తెచ్చిచ్చాను కదండీ, సగం సగం రంగుది. అది తీసి చూడండి."

దొర బీరువా తెరిచాడు. అది పదకొండో రకం. మెడ నలుపు, రెక్కలు గోధుమరంగు, నెత్తిన కొమ్ము మొలక. దాన్ని పంజరం పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మొహం కందగడ్డలా అయింది. చివరికి పుస్తకం తీసి రెండు అంకెలు కొట్టేశాడు. పదకొండు రకాలు తొమ్మిదయ్యాయి.

"నన్ను క్షమించు, బుల్లియ్యా. నీలాంటి నిజాయితీపరుణ్ణి అనుమానించాను," అంటూ చెయ్యి పట్టుకుని ఊపాడు. దొర కాపలావాడి చెయ్యి పట్టుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. బుల్లియ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రత్తమ్మను సాగనంపడానికి బుల్లియ్య గేటు దాకా వెళ్ళాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అయితే నేను తిన్నది కూడా ఇలాగే నల్లబడేదా, రత్తమ్మా?"