పక్క ఛానల్

గాగుల్స్ పెట్టుకుంటే ఇంకా చీమలే. బొమ్మ నిండా తెల్ల చీమలు, నల్ల చీమలు.

ఆమె వాటిని తీసి బల్ల మీద పెట్టి నుదురు రుద్దుకుంది. పందేల డ్రోన్లు ఎగరేసే ఒకాయనవి అవి. డ్రోను మీది కెమెరా బొమ్మను గాలిలోకి వదుల్తుంది, కళ్లకు కట్టుకున్న గాగుల్స్ దాన్ని పట్టుకుంటాయి. పాత రేడియోలాంటి పద్ధతి. తాళం, గొళ్లెం ఏమీ ఉండవు. ఆ ఛానల్‌కి తిప్పినవాళ్లెవరికైనా బొమ్మ వచ్చేస్తుంది.

పొద్దున యాంటెన్నా తీగ తెగి ఉంటే అతికించింది. అంతటితో బాగైపోవాలి. కాలేదు. ఇవాళే ఇలా అవ్వాలా అని ఆమెకు ఏడుపొచ్చింది.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో మొగుడు సరుకు అమ్ముతాడు, రిపేర్లు బుట్టలో వేసి పైకి పంపిస్తాడు. ఇవాళ్టి బుట్టలో గాగుల్స్, డ్రోను, ఒక మిక్సీ, మూగపోయి వారమైన అత్తగారి ఫోను ఉన్నాయి. ఆమె కిందికి దిగి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. "నీకెందుకు ఆ దుమ్ములో" అంటాడు ఆయన. ఆయన ప్రేమ అలాంటిది. కరెంటు పోతే భయపడుతుందని ఈ గది తలుపు మీద ఎమర్జెన్సీ లైటు కూడా తనే నిచ్చెనెక్కి బిగించాడు. మొన్న కరెంటు పోతే అది వెలగలేదు. విప్పి చూస్తానంటే, "ఇంట్లో ఈ ఒక్కటైనా నన్ను బాగుచెయ్యనీ" అని నవ్వి మర్చిపోయాడు.

గాగుల్స్ బాగైతే ఊరి ఆ చివర ఇచ్చి రావడానికి ఆయన బయల్దేరతాడు. ఆయన అలా వెళ్లగానే ఈమె ఇలా వెనక మెట్లు దిగుతుంది. వీధి మలుపులో అక్క కారుతో ఉంటుంది. మళ్లీ ఈ మెట్లెక్కేది లేదు. వెనక తలుపు మారు తాళంచెవి, అక్క ఎవరి చేతో రిపేరుకి పంపిన పాత రేడియో కడుపులో దాక్కుని వచ్చింది. ఇప్పుడది అతుకులేసే సోల్డరు తీగ చుట్ట నడిమి బోలులో ఉంది.

ఫోను మోగింది.

"జుట్టు ముడేసుకోరాదూ? ఆ వేడి దగ్గర కాలిపోతుంది" అన్నాడు మొగుడు.

"అలాగేనండీ."

ముడేసుకుంది. ఇందాకే అత్తగారు కిందికి టీ పట్టుకెళ్లి వచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకి ఆ శ్రమ లేదు, అత్తగారుంది. ఈ గదిలో కూర్చుని ఆమె కళ్లు తుడుచుకున్నా, అక్క ఫొటో బయటికి తీసినా సాయంత్రానికల్లా ఆయనకు తెలిసిపోతుంది. అడిగితే, "నేనేం చెప్పలేదమ్మాయ్, ఒట్టు" అంటుంది ఆవిడ. ఒట్టు తీసి గట్టున పెట్టడం ఎంతసేపు?

మళ్లీ పనిలో పడింది. యాంటెన్నాల్లో కుడివాటానివి, ఎడమవాటానివి అని రెండు రకాలు. డ్రోనుకొక రకం, గాగుల్స్‌కొక రకం పడ్డాయంటే కొందరు మొగుడూ పెళ్లాల్లాగా ఒకరి మాట ఒకరికి చేరదు. చూసింది. రెండూ కుడివాటానివే. బ్యాటరీ నిండుగా ఉంది. అతుకు గట్టిగా ఉంది.

డ్రోనునీ గాగుల్స్‌నీ పట్టుకుని హాల్లోకి వెళ్లింది. సోఫాలో అత్తగారు నోరు తెరుచుకుని గురక పెడుతోంది. గాగుల్స్ పెట్టుకుంది. బొమ్మ అద్దంలా ఉంది. ఆవిడ కట్టుడు పళ్లతో సహా కనిపిస్తోంది.

గదిలోకి వచ్చింది. మళ్లీ చీమలు.

ఫోను మోగింది.

"ఎక్కడికెళ్లావ్?"

"హాల్లోకండీ. అక్కడ బొమ్మ వస్తుందేమో చూద్దామని."

"కూర్చున్నచోట కూర్చుని చెయ్యలేవా? తొందరేం లేదులే. నేనెక్కడికీ పోను."

ఫోను పెట్టేసింది. అంత గురకలోనూ ఎలా చేరవేసిందో మహాతల్లి. కిందకి పోతే ఆయన, పైనుంటే ఈవిడ. అడకత్తెరలో పోకచెక్కలా ఇన్నేళ్లూ నలిగింది. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

ఆయన ఎక్కడికీ పోనంటే కుదరదు. పోవాలి. గాగుల్స్‌లో ఏ లోపమూ లేదని రుజువు చేసి కిందికి పంపితే పోక ఏం చేస్తాడు? హాల్లో బాగున్న బొమ్మ ఈ గదిలో చెడుతోందంటే దగ్గర్లో ఇంకెవరిదో కెమెరా పక్క ఛానల్లో నడుస్తుండాలి. ఇద్దరు ఒకేసారి అరిస్తే ఏ మాటా వినపడనట్టు, రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. పక్కింటివాళ్లు కొత్తగా డ్రోను కొన్నట్టున్నారు. వాళ్ల బొమ్మ దొరికితే చాలు, తప్పు వాళ్లదని చెప్పేయొచ్చు.

డ్రోను ఆపేసింది. ధైర్యం కోసం సోల్డరు తీగ చుట్టని ఎడమచేత్తో గుండెకి హత్తుకుంది. లోపల తాళంచెవి గలగలమంది. కుడిచేత్తో గాగుల్స్ పెట్టుకుని ఛానళ్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయింది.

చీమలు. మళ్లీ చీమలు. తర్వాత ఛానల్లో కాస్త పల్చబడ్డాయి. ఎవరిదో గది గోడ మసగ్గా కదిలింది. హమ్మయ్య, దొరికారు అనుకుని ఇంకొక్కసారి నొక్కింది.

ఒక్క చీమ కూడా లేని ఆ బొమ్మలో, తలుపు మీద నుంచి కిందికి చూస్తున్నట్టు, ఒక బల్ల ముందు జుట్టు ముడేసుకుని, కళ్లకు గాగుల్స్ పెట్టుకుని, సోల్డరు తీగ చుట్టని ఎడమచేత్తో గుండెకి హత్తుకుని కూర్చున్న ఒక ఆడమనిషి కనిపించింది.