రాజుగారి ఉల్క

"ఎవరూ ముట్టుకోవద్దు. అది నా ఉల్క," అన్నాడు బాపిరాజు, కొబ్బరిచెట్టు పాదుకి అడ్డంగా నిలబడి.

పాదు తవ్వుతున్న కూలీ గునపం ఖంగుమన్న చోట నల్లటి రాయొకటి, గుండు గీయించుకున్న తలలా మట్టిలోంచి తొంగిచూస్తోంది. కంచెకి ఇవతల నిలబడి సత్యానందం మాస్టారు మెడ సాచి చూశాడు.

"రాయైతే ఉల్కేనాండీ రాజుగారూ?"

"మన కోనసీమలో రాయి ఎక్కడుంది మాస్టారూ? రోలు కావాలన్నా గోదారి దాటి తెచ్చుకోవాలి. కింద పుట్టేది కాదు గనక పైనుంచే రావాలి. మొన్న సాయంత్రం అంతర్వేది వైపు ఆకాశంలో వెలుగు జారడం మీరూ చూసేరు కదా."

"చూసేనండి. కానీ ఇది లోపల దిగబడి ఉంది కదండీ?"

"కొబ్బరికాయ పడితేనే గుంట పడుతుంది. అంత పైనుంచి పడింది దిగబడదా?"

ఆ చెట్టున్న వరసా, దాని ఇవతల వరసా తనవేనని, కంచె తన వైపుకి జరిగిందని సత్యానందం ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాడు. కొలవడానికి వచ్చినవాళ్ళు కొలత ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియక బొండాలు తాగి వెళ్ళిపోయారు. చెట్లు ఎలాగూ పోయాయి. ఇప్పుడు తన చెట్టు కింద పడిన ఉల్క కూడా రాజుగారిదే అయ్యేలా ఉంది.

"మా చెట్టు కింద దొరికింది మాదవుతుందండి," అన్నాడు మెల్లగా.

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టేరు."

అంతలో మాస్టారి కూతురు నిఖిత వచ్చింది. విశాఖలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చింది. కంచె దాటి వెళ్ళి పాదులోకి వంగి, రాయి అంచు వేలితో తడిమింది. ఓసారి తండ్రి వైపు చూసింది.

"ఏమ్మా, ఉల్కేనా?" అన్నాడు బాపిరాజు.

"పరీక్ష చెయ్యాలండి. ముందు దాన్ని కదపకూడదండి. అసలు ఎక్కడ దొరికిందో పక్కాగా తెలియాలి. అది లేకపోతే ఎవరూ నమ్మరండి."

"ఓస్, అంతే కదా. ఫోను తియ్యి."

బాపిరాజు లుంగీ సర్దుకుని, మీసం దువ్వుకుని, రాయి పక్కన నిలబడ్డాడు. నిఖిత వీడియో మొదలుపెట్టింది.

"ఈ రాయి మా తోటలో, కంచెకి రెండు వరసలు లోపల, ఇదిగో ఈ పాదులోనే ఉంది."

"ఎవరో తెచ్చి పాతేరంటారేమోనండి?"

"ఎవడు పాతుతాడు? ఉన్నది ఉన్నచోటే ఉంది. అంతర్వేది నరసింహస్వామి మీద ఒట్టు. అనుమానం ఉన్నవాడు వచ్చి కొలుచుకోవచ్చు."

సత్యానందానికి ఒళ్ళు మండింది. తను కూడబెట్టి చదివించిన పిల్లే రాజుగారికి సాక్ష్యం తీస్తోంది.

"నిఖితా, ఇటు రా."

"ఉండండి నాన్నా."

"ఊరి గ్రూపులో పెట్టమ్మా," అన్నాడు బాపిరాజు.

"ఆయ్. పెట్టేశానండి."

అప్పుడే అభినందనలు రావడం మొదలైంది. బాపిరాజు తన ఫోను కంచె మీదుగా చాపి, ఒక్కొక్కటే మాస్టారికి చూపించాడు. మాస్టారు కళ్ళజోడు తెచ్చుకోలేదన్నాడు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

నిఖిత సంచిలోంచి అయస్కాంతం తీసి రాయికి ఆనించింది. అది జారి పాదులో పడింది.

"ఉల్కల్లో చాలావాటికి అంటుకుంటుందండి," అంది.

"మట్టి అడ్డం వచ్చుంటుంది. కడగొచ్చా?"

"ఇప్పుడు కడగొచ్చండి."

బాపిరాజు తనే బోదెలోంచి బిందెడు నీళ్ళు తెచ్చి, కొబ్బరిపీచుతో, పసిబిడ్డకి తలంటినట్టు తోమాడు. నలుపు వదిలింది. బూడిదరంగు తేలింది. ఇంకాస్త తోమేసరికి నడినెత్తిన అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, లోతుగా కనిపించాయి.

సత్యానందం చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. "శిలువ," అన్నాడు గొణుగుతూ.

"ప్లస్ గుర్తులా ఉంది," అన్నాడు బాపిరాజు, పీచు చేతిలో పట్టుకుని. "ఇంత చక్కగా ఎవరు చెక్కేరమ్మా, పైలోకం వాళ్ళా?"

"సర్వే వాళ్ళండి," అంది నిఖిత. "అది మన రెండు తోటల హద్దు రాయి."