నాలుగో అధ్యాయంలో రావమ్మ

ముందు వరుసలో కూర్చున్న ముసలామెను లేచి వెనక్కి వెళ్లమన్నాడు అటెండరు కృపానందం.

అవి ప్రొఫెసర్ల కుర్చీలు.

ఆ రోజు ఆ యూనివర్సిటీలో శాలిని పిహెచ్‌డి ఓపెన్ వైవా. ఎవరైనా వచ్చి వినొచ్చు, ప్రశ్నలడగొచ్చు అని రూలు. ఎవరూ రారు కాబట్టే ఆ రూలును ఇంకా ఉంచారు.

ముసలామె వెనక వరుసకు వెళ్లింది. నాగాయలంక అవతల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిందట. ఉప్పెన మీద పుస్తకం రాశారని ఎవరో పేపరు చూసి చెప్పారట. రాసినావిడను ఒక్క మాట అడిగి వెళ్లిపోతానంది.

శాలిని పరిశోధన దివిసీమ ఉప్పెనలో స్త్రీల సాహసం గురించి. దానికోసం ఆవిడ తానుండే గుణదల దాటి ఎటూ వెళ్లలేదు.

ఒక పాత పేపరు ముక్కలో దొరికిన పేర్లు ఏఐకి ఇచ్చి, గుండెలు పిండేలా రాయమంది. అది పిండిపెట్టింది. ఇంటర్వ్యూలు కూడా అదే పుట్టించింది.

గైడు నతానియేలు గారు థీసిస్ చదవకుండానే మెచ్చుకోలు నివేదికను ఏఐ చేత రాయించారు. పరీక్షించడానికి పై ఊరి నుంచి వచ్చిన హెలెన్ గారు, అడగాల్సిన ప్రశ్నలను దాన్నే అడిగి తెచ్చుకున్నారు. ఒకరి ఎంగిలి ఒకరు తిని, రుచిగా ఉందని త్రేన్చడం అంటే ఇదే.

శాలిని గొంతు సవరించుకుని నాలుగో అధ్యాయం చెప్పింది.

అంకాలమ్మ అనే జాలరి స్త్రీ తన అయిదేళ్ల కూతురు రావమ్మను, వాడలోని పిల్లలను చీరతో తాటిచెట్టుకు కట్టి, తాను నీళ్లలో కొట్టుకుపోయింది. పిల్లలంతా బతికారు. రావమ్మ ఇప్పుడు బందరులో టీచరు.

హెలెన్ గారు కళ్లు తుడుచుకున్నారు. అంకాలమ్మ ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు నతానియేలు గారు.

అందరూ లేచారు. వెనక వరుసలో ముసలామె అప్పటికే నిలబడి ఉంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని నతానియేలు గారు మాటవరసకి అడిగేసరికి, ఆవిడ కుర్చీలు పట్టుకుంటూ ముందుకొచ్చింది.

"రావమ్మ బతికుందా అమ్మా?"

"ఉందని చెప్పాను కదండీ," అంది శాలిని విసుగ్గా.

"నేనూ ఆ వాడ దాన్నేనమ్మా. రావమ్మ ఉప్పెనలో పోయిందనే అనుకుంటన్నాం ఇన్నాళ్లూ. శవం దొరకలేదు."

హెలెన్ గారు పెన్ను ఆపి శాలిని వంక చూశారు.

తెలియదంటే పట్టా పోతుంది. పట్టా పోతే చేతికందబోయే లెక్చరర్ ఉద్యోగం పోతుంది. నిజం చెప్పడానికి కాస్త వ్యవధి దొరికింది. శాలిని ఆ వ్యవధిలో మంచినీళ్లు తాగింది.

"నేనే వెళ్లి కలిశానండీ."

"కళ్లారా చూశావా తల్లీ?"

"చూశాను. బాగానే ఉన్నారు."

ముసలామె శాలిని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. శాలిని వెనక్కి తీసుకోలేదు. ఫొటో తీస్తున్నారు మరి.

పట్టాకు సిఫార్సు చేస్తున్నట్టు హెలెన్ గారు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పక్క గదిలో బిర్యానీ. పరీక్షించినవాళ్లకు పరీక్ష రాసినవాళ్లు విందు పెట్టడం మన చదువుల్లో ఎవరికీ సిగ్గనిపించని ఆచారం. కొత్త డాక్టరమ్మ లెగ్ పీసులు ఏరి ఏరి వడ్డించింది. క్షేత్ర పరిశోధన అంటే ఇలా ఉండాలన్నారు నతానియేలు గారు, ఎముక కొరుకుతూ.

హెలెన్ గారికి జాలి కలిగింది. ఆ ఊరి మనిషి కదా, ఆ ముసలామెను కూడా పిలవండి, ఇంత తిని వెళ్తుంది అన్నారు.

కృపానందం వెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఎంత చెప్పినా ఆగలేదండి. బందరు వెళ్లాలని అంటే బస్టాండుకి ఆటో ఎక్కించాను."

"బందర్లో ఆవిడకెవరున్నారు?" అంది శాలిని, గరిటె పట్టుకుని.

"కూతురుందని తమరే చెప్పారంట కదండీ, ఆవిడే ఆ అంకాలమ్మండి."