పరువుకొక గది

“పరువు కోసమని బజారులో నలుగురు కలిసి గది తీసుకొంటిరి. మళ్లా బేరాన్ని ఇంటికే తోలుకొస్తివేందయ్యా?” తలుపు చాటు నుంచి అడిగింది సుంకమ్మ.

“ఆడ తక్కిన ముగ్గురూ చెవులు రిక్కిస్తారే,” అన్నాడు ఆమె భర్త, చీరల వ్యాపారి రామలింగప్ప. ఆ గదికి మారిన నాలుగు నెలల్లో ఒక్క బేరమూ కుదరలేదు. జట్కాలో వచ్చిన ఈ బళ్లారి షావుకారూ వెళ్లిపోతే మగ్గాలు ఆపాల్సిందే.

గుట్టుగా ధర చెప్పడానికి రామలింగప్ప తువ్వాలు కింద షావుకారు వేళ్లు పట్టుకున్నాడు.

షావుకారు చెయ్యి లాక్కున్నాడు. “ఉండప్పా! ఇన్నేండ్లూ తలుపు చాటు నుంచి ఈయమ్మ చెప్పిందే కదా నువ్వు చెప్తాంటివి. ఏమ్మా, ఈ తూరి ఎంత?”

రామలింగప్ప చాప మీద జరిగి చోటిచ్చాడు. సుంకమ్మ వచ్చి కూర్చుంది.

“పాత ధరేలే అన్నా. ఈయన పరువు గది బాడిగ నీ నెత్తిన వేయను.”