పాదాల పలక

ఇప్పుడు కోస్తాలో గేటు దగ్గర పాదాల పలక లేని రొయ్యల ఫ్యాక్టరీ లేదు. చెప్పులు విడిచి దానిమీద నిలబడాలి. పాదాలు చల్లగా ఉంటే రోగమని లెక్కగట్టి తలుపు తెరవదు. మూడోసారీ తెరవకపోతే పని పోయినట్టే.

నూకరత్నాన్ని పలక రెండుసార్లు వెనక్కి పంపింది. ఏళ్లతరబడి ఐసులో నానిన ఆమె పాదాలు ఎండాకాలంలోనూ వెచ్చబడటం లేదు, వేళ్లు తెల్లబారాయి. అందుకే మిగతా ఆడవాళ్లలాగే టీకొట్టు వెనక వేడినీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకుంది.

"చాలొదినా! మేకకాళ్ల పులుసెడతన్నావా?" అంది పక్కన నీళ్లు కాస్తున్న మంగ.

"గోరువెచ్చగా కూడా లేవే. ఇంకాసిన్ని మరిగినవి పొయ్యి."

మంగ పోసింది. కాసేపటికి నూకరత్నం లేచి గేటువైపు నడిచింది. బకెట్టు ఒంపబోయిన మంగ, నీళ్లు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఒదినా, ఆగు!"

అప్పటికే తలుపు తెరుచుకుంది. "చూశావా?" అని నవ్వుతూ నూకరత్నం లోపలికి వెళ్లింది. పలక మీద ఆమె అరికాళ్ల తోలు అంటుకుని ఉంది.