అమ్మ చేయి

ఎక్స్‌రేలో పాప చేతి ఎముకల వయసు పదకొండేళ్లని తేలింది. పాపకు నిండా ఏడేళ్లు లేవు.

"ఏ పాపిష్టి కళ్లు పడ్డాయో సిస్టర్," అంది తల్లి.

ఆడపిల్లలు వయసుకు ముందే ఎందుకు ఈడేరుతున్నారో తేల్చే పరిశోధన కోసం ఆసుపత్రికి వచ్చారు. ప్రతి నెలా అడిగే ప్రశ్నే నర్సు మళ్లీ అడిగింది. "ఇంట్లో ఎవరైనా హార్మోను మందులు వాడతారా?"

"లేదండీ."

"అమ్మ రాసుకుంటుందిగా! చేతులకి, జెల్లు," అంది పాప.

"దీని నోట్లో నువ్వుగింజ నానదు," తల్లి సిగ్గుతో నవ్వింది. "ముప్పై నాలుగేళ్లకే నెలసరి ఆగిపోయింది సిస్టర్. నలుగురికీ చెప్పుకునే మాటా? అయినా అది నాకు రాసిచ్చిన మందు. దీనికెప్పుడూ రాయలేదు."

నర్సు కలం ఆగింది. "రాసుకున్న చేయి తగిలితే చాలమ్మా, అందులోని హార్మోను పిల్ల ఒంట్లోకి దిగుతుంది. పాప ఎక్కడ పడుకుంటుంది?"

"అమ్మ చేతి మీద," పాప గొప్పగా చెప్పింది. "లేకపోతే నాకు నిద్రే రాదు."

నర్సు రక్తం తీయడానికి సూది విప్పింది. పాప ఎప్పటిలాగే అమ్మ చేతిలో మొహం దాచుకోబోయింది.

తల్లి చేయి వెనక్కి లాగేసుకుంది.

"ఇంకెప్పుడూ చెప్పనమ్మా," అని ఏడ్చింది పాప.