దూరం పెట్టవలసిన మనిషి

మంచి జరుగుతుందని గట్టిగా నమ్మితే మంచే జరుగుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. దానికి ఈ మధ్య ఒక ఉపసూత్రం కూడా చేరింది: చెడు తలిచేవాళ్లను దగ్గరకు రానివ్వకూడదు.

ఉద్యోగం పోయిన నాటి నుంచి ఉదయ్ భాస్కర్ మొదటిదాన్ని సాధన చేస్తున్నాడు. రెండోదాన్ని నేర్చుకోవడానికి ఆ శుక్రవారం ఉదయం మాదాపూర్‌లో ఒక హోటల్ హాల్లో జరిగే శిక్షణ తరగతిలో కూర్చున్నాడు.

ఇంట్లో భార్య హరితకు ఏడో నెల. కొత్తగూడలోని ఒక చిన్న కంపెనీ చివరి ఇంటర్వ్యూ ముగించి, ఫలితం ఫోన్లో చెబుతామంది. ఉన్నది ఒకే ఉద్యోగం. వడపోతలన్నీ దాటి మిగిలింది ఇద్దరు: తాను, శివశంకర్.

శివశంకర్‌ది అనంతపురం వైపు. ఇంటర్వ్యూల దగ్గర పరిచయమైన మనిషి. వయసులో పెద్దవాడు, ఆయన ఉద్యోగమూ పోయినదే. నోరు విప్పితే నిరాశే.

"మనకేడ ఇస్తారు సామీ! మనకిచ్చే జీతానికి ఇద్దరు పిల్లోళ్లొస్తారు" అనేవాడు, టీ ఊదుకుంటూ.

"అలా అనకండి శివశంకర్ గారూ. వస్తుందని గట్టిగా అనుకోవాలండి."

"అనుకుందాంలే. సీటు ఒగటే గదా, అనుకునేటోళ్లం ఇద్దరముండాం. దేవుడు ఎవురి మాట వినల్ల?"

ఇలాంటి ప్రశ్నలు ఉదయ్ భాస్కర్‌కు నచ్చవు. అందుకే ఆ మనిషంటే చిరాకు.

హాల్లో కోచ్ మైకు అందుకున్నాడు.

"మీ లైఫ్‌ల ఒక నెగటివ్ మనిషి ఉంటడు. ఆ మనిషిని ఇయ్యాల ఈడనే వదిలేసి పోవాలె. ఎవరొస్తరు ముందు?"

సరిగ్గా అప్పుడే ఉదయ్ భాస్కర్ ఫోను మోగింది. తెర మీద శివశంకర్ పేరు.

"ఎవరు బ్రదర్?" కోచ్ దగ్గరకు వచ్చాడు.

"తెలిసినాయనండి. ఎప్పుడూ కొంచెం... నిరాశగా మాట్లాడతారు."

హాలంతా నవ్వింది.

"చూసిన్రా! పేరు తియ్యకముందే ఫోన్ జేసిండు. జర స్పీకర్ ఆన్ చెయ్ బ్రదర్, అందరం వింటం."

ఉదయ్ భాస్కర్ స్పీకర్ ఆన్ చేశాడు. కోచ్ మైకును ఫోను దగ్గర పెట్టాడు.

"సామీ, యాడుండావు? తొందరగా ఒక మాట చెప్పల్ల. నువ్వు యిప్పుడే..."

"ఇగ చెప్పెయ్" అని కోచ్ కనుసైగ చేశాడు.

ఉదయ్ భాస్కర్ లేచి నిలబడ్డాడు.

"శివశంకర్ గారూ, మీ మాటలు వింటే నాకు మంచి జరగదండి. మీ నెగటివిటీ నాకొద్దు. ఇంకెప్పుడూ ఫోన్ చేయకండి."

ఫోన్లోంచి శివశంకర్ గొంతు మెల్లగా వచ్చింది.

"అట్లనా సామీ... సరే. కానీ ఈ ఒక్క మాట..."

"కట్! కట్!" అని హాలు అరిచింది.

కట్ చేశాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. కోచ్ దగ్గరుండి ఆ నంబరును బ్లాక్ చేయించాడు. తర్వాత అందరి ఫోన్లూ స్విచాఫ్ చేయించి ఒక బుట్టలో వేయించాడు. సాయంత్రం దాకా బయటి లోకంతో మాట్లాడకూడదని అక్కడి నియమం.

కూర్చున్నాక ఉదయ్ భాస్కర్‌కు చెవులు వేడెక్కినట్టనిపించింది. అది ఉత్సాహమేనని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం పుప్పాలగూడలోని ఫ్లాటుకు చేరి, జరిగింది హరితకు చెప్పాడు. ఆమె చప్పట్లు కొట్టలేదు.

"అంతమంది ముందా?"

"అదొక ప్రాక్టీసు హరితా."

"ప్రాక్టీసని ఆయనకు తెలుసా?"

అతను బూట్ల లేసులు విప్పుతూ ఉండిపోయాడు.

"ఏదో చెప్పబోయాడన్నావు. ఏమిటది?"

"ఏముంటుంది? మనకు రాదనే అయ్యుంటుంది."

"అదే అయినా, విని ఉండాల్సింది. ఫోన్ చెయ్."

నంబరును అన్‌బ్లాక్ చేశాడు. పేరు దాకా వెళ్లిన వేలు వెనక్కి వచ్చింది. స్పీకర్లో అన్ని గొంతులూ అరిచిన అరుపు విన్న మనిషితో, ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. శని, ఆదివారాలు ఆ తోచకపోవడంతోనే గడిచాయి.

సోమవారం తానే కొత్తగూడ వెళ్లాడు. నియామకాలు చూసే రసజ్ఞ అతన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"ఇప్పుడొచ్చారేంటండీ? శుక్రవారం రావాలి కదా!"

"నాకెవరూ చెప్పలేదండీ."

"మేం చేస్తే స్విచాఫ్. శివశంకర్ గారేమో మీతో మాట్లాడానన్నారు. మీకోసం సాయంత్రం దాకా ఆ సోఫాలోనే కూర్చున్నారండి. 'తప్పకుండా వస్తాడు మేడమ్, నాకు నమ్మకముంది, ఇంకొంచెంసేపు చూడండి' అని ఒకటే మాట."

ఉదయ్ భాస్కర్ సోఫా వైపు తల తిప్పలేకపోయాడు.

"నేను... ఫోన్లో ఏమన్నానో చెప్పారా?"

"ఏదో ముఖ్యమైన పనిలో ఉన్నారన్నారు."

అతను ఆమె బల్ల దగ్గరకు జరిగాడు.

"ఇప్పుడు చేరతానండి. ఈ క్షణమే."

"సారీ అండి. శుక్రవారం సాయంత్రంలోగా ఎవరూ చేరకపోతే ఆ పోస్టు ఎత్తేస్తామని బెంగుళూరు హెడ్డాఫీసు ముందే చెప్పింది. ఎత్తేశారు."

"ఎంపిక చేసి ఇలా..."

రసజ్ఞ కొంచెం తటపటాయించింది.

"మేం ఎంపిక చేసింది మిమ్మల్ని కాదండి."

ఎంపికైనవాడు శివశంకర్. ఆయనే శుక్రవారం ఉదయం ఆఫీసుకు వచ్చి, తనకంటే ఉదయ్ భాస్కర్‌కే ఆ ఉద్యోగం ఎక్కువ అవసరమని చెప్పి తప్పుకొని, ఆ సంగతి చెప్పడానికి అక్కడి నుంచే అతనికి ఫోను చేశాడు.